పప్పు ఉడికే నీళ్ళు

మా వంటింట్లో కుక్కర్ మూత తీసినప్పుడు వచ్చే కందిపప్పు వాసన నాకు పడదు. పప్పంటే ఇష్టమే, తింటాను, పిల్లలకు నెయ్యి వేసి కలిపి పెడతాను. కాని మూత తీసిన ఆ మొదటి క్షణంలో, ఆవిరి ముఖానికి కొట్టి, మెత్తగా పగిలిన పసుపుపచ్చటి బద్దలు కనబడినప్పుడు మాత్రం ఒక అడుగు వెనక్కి వేస్తాను. అనంతపురంలో మేముండే వీధికి పొద్దున్నే ఆటోలో ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు వస్తాయి. ఆ నీళ్ళలో ఎలాంటి పప్పయినా మూడు విజిల్స్‌కు వెన్నలా అయిపోతుంది. పప్పు ఉడకడం కూడా ఒక విశేషమేనా అని మా పెద్దమ్మాయి నన్ను ఆట పట్టిస్తుంది. మా ఊళ్ళో అది విశేషమే. మా ఊళ్ళో నీళ్ళ మంచీచెడూ తేల్చింది పప్పే.

మా ఊరు వజ్రకరూరుకు దగ్గర్లో, ఎర్రమట్టి చేల నడుమ ఉంటుంది. తొలకరి పడిందంటే చాలు, ఎక్కడెక్కడి జనమో సద్దిమూటలతో దిగి, నడుములు వంచి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్ళు. మేం పిల్లలం వాళ్ళ వెనకాలే తిరుగుతూ మెరిసే ప్రతి పలుగురాయినీ ఏరి లాగు జేబుల్లో, పావడా కుచ్చెళ్ళలో దాచుకునేవాళ్ళం. ఫలానావాళ్ళకు దొరికిందట అని వినడమేగాని, దొరికిన మనిషిని నేను కళ్ళారా చూడలేదు. వానకు ముందు, వేసవి చివర్లో, ఇంటింటా విత్తనానికి వేరుశెనగ కాయలు ఒలిచేవాళ్ళు. అరుగు మీద కాయలు కుప్ప పోసుకుని చుట్టూ ఆడవాళ్ళు కూర్చుంటే, పటపటమని గుల్లలు పగిలే చప్పుడు, పొట్టు దుమ్ముకు తుమ్ములు, ఊళ్ళోవాళ్ళ గుట్లన్నీ అక్కడే బయటపడి పగలబడి నవ్వుకోవడాలు. ఒక గింజ నోట్లో వేసుకుంటే మా అవ్వ చూడనట్టే ఉండి, రెండోది వేసుకుంటే చేతిమీద ఒకటిచ్చేది. మధ్యాహ్నం రాగిసంగటి ముద్దలో గుంట చేసి, అందులో వేయించిన వేరుశెనగలతో రోట్లో నూరిన ఊరిబిండి పెట్టి చేతికిచ్చేది. ఇంతకన్నా గొప్ప తిండి లోకంలో ఉంటుందని అప్పట్లో నాకు తెలియదు, తెలిశాక కూడా పెద్దగా నమ్మలేదు.

ఊరి నడుమ ఒక చేతిపంపు ఉండేది, బోరింగు అనేవాళ్ళం. ఆ నీళ్ళు ఉప్పగా, నాలుకకు జిగటగా తగిలేవి. వాటితో స్నానం చేస్తే సబ్బు నురగ రాదు, తాగితే దాహం తీరదు, పప్పు పొద్దున పొయ్యిమీద పెడితే మధ్యాహ్నానికి కూడా గులకరాళ్ళలా గిన్నెలో గలగలమనేది. మా బళ్ళో అందరి పళ్ళమీదా గోధుమరంగు చారలే. గుంతకల్లు నుంచి సెలవులకు వచ్చిన ఒక పిల్ల పళ్ళు తెల్లగా ఉంటే, పాపం దీనికేదో జబ్బనుకుని దానితో గచ్చకాయలు ఆడటానికి రెండు రోజులు వెనకాడాం. మా అవ్వకు, అంటే మా నాయన తల్లికి, మోకాళ్ళు వంగిపోయి, నడిచేటప్పుడు పాదాలు బయటికి తిరిగేవి. ఊళ్ళో ముసలివాళ్ళు సగం మంది అంతే కనక, ముసలితనమంటే అలాగే ఉంటుందనుకున్నాను.

నేను రెండో తరగతిలో ఉండగా, తొంభైల చివర్లో, జీపులో ఎవరో వచ్చి సీసాల్లో బోరింగు నీళ్ళు పట్టుకుపోయారు. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చి బోరింగుకు ఎర్రరంగు పూసి, ఈ నీళ్ళు తాగొద్దు, ఎముకలు చెడిపోతాయని చెప్పారు. మరి ఏ నీళ్ళు తాగాలో ఆ రోజు ఎవరూ చెప్పలేదు. కడవలు ఖాళీగా పెట్టుకుని ఆడవాళ్ళు బోరింగు చుట్టూ నిలబడిపోయారు. అప్పుడు మా అవ్వ తీర్పు చెప్పింది: “నీళ్ళను సీసాలో పోసి చూస్తే ఏం తెలుస్తాదే? పప్పేసి చూడల్ల.”

చెప్పినంత పనీ చేసింది. చుట్టుపక్కల నాలుగు చోట్ల నుంచి చెంబెడేసి నీళ్ళు తెప్పించి, నాలుగు మట్టి చట్టుల్లో గుప్పెడేసి కందిబేడలు వేసి, మా వాకిట్లో నాలుగు పొయ్యిలు పెట్టింది. వీధి వీధంతా వచ్చి కూర్చుంది. మూడు చట్టుల్లో బేడలు బేడల్లాగే ఉన్నాయి. సుంకప్ప మామ బావి నీళ్ళు పోసిన చట్టిలో మాత్రం పప్పు పొంగి, పగిలి, కలిసిపోయింది. అవ్వ ఒక బద్దను రెండు వేళ్ళ మధ్య నలిపి అందరికీ చూపించింది. సుంకప్ప మామ మాకు చుట్టమేం కాదు, మా చేనికి ఆనుకునే అతని చేను. “నాదేముండాదక్కా, ఊరే నీళ్ళు. తోడుకోండి,” అన్నాడు. ఆ మరుసటి ఉగాదికి మా వీధిలో ఓళిగలు ఒక్కటీ చిరగలేదు. శెనగపప్పు అంత మెత్తగా ఉడికి, బెల్లంతో కలిసి, పలుచటి పిండి కింద నుంచి బంగారు రంగులో కనబడుతూ, పెనంమీద నెయ్యి తగలగానే వచ్చిన ఆ వాసనకు కుక్కలు కూడా మా గడప దగ్గరే పడుకున్నాయి. వేపపూత చేదు కూడా ఆ ఏడు తియ్యగానే ఉందన్నారు.

ఆ బావి ఊరికి దిగువన, పల్లంలో ఉండేది. రాతిమెట్లు దిగి నీళ్ళు ముంచుకోవాలి. వాన పడితే పైచేల నీళ్ళన్నీ పిల్లకాలువలు కట్టి అటే పారేవి. అందుకే కరువులో కూడా అడుగున ఇంత తడి ఉండేదని మామ గర్వంగా చెప్పేవాడు. వేరుశెనగకు కంబళిపురుగు పట్టినప్పుడు మందు కొట్టేవాళ్ళంతా ఆ గట్టుమీదే మందు కలిపేవాళ్ళు, పని అయ్యాక వీపుమీది ట్యాంకులు అక్కడే కడిగేవాళ్ళు, ఎందుకంటే నీళ్ళుండేది అక్కడే. తెల్లటి నీళ్ళు రాళ్ళ సందుల్లోకి ఇంకిపోయేవి. మామిడిపళ్ళ వాసనను బట్టి వేసవి తెలిసినట్టు, మా నాయన చొక్కాలోంచి వచ్చే ఆ ఘాటు వాసనను బట్టి మాకు పురుగుకాలం తెలిసేది.

ఒక ఏడు మందు కొట్టిన వారానికి గట్టి వాన కురిసింది. తెల్లారి బావిలో కప్పలు, చిన్న చేపలు పొట్టలు పైకి తిప్పి తేలాయి. సుంకప్ప మామ గంపతో దిగి అన్నీ ఎత్తి పారేసి, సున్నం చల్లి, “రెండు దినాలు ఆగండమ్మా,” అన్నాడు. మేం ఆగాం. మూడోనాడు అవ్వ మళ్ళీ చట్టి పెట్టింది. మళ్ళీ గుప్పెడు బేడలు. మళ్ళీ వేళ్ళ మధ్య నలిపి చూసింది. “వెన్న మాదిరి అయినాది. నీళ్ళకేం కాలేదు,” అంది. అందరం కడవలెత్తుకుని పోయాం.

అందులోనూ మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. బావి దూరం, మోసుకొచ్చేది నాలుగు కడవలు. కడగడానికి, స్నానాలకు బోరింగు నీళ్ళు. తాగడానికి నాకూ అమ్మకూ అవ్వకూ సగం అవీ సగం ఇవీ. నాయనకు మాత్రం అచ్చంగా బావి నీళ్ళు. ఎండలో రెక్కలు ముక్కలు చేసుకునే మనిషికి మంచినీళ్ళన్నా మంచివి పోయొద్దా అనేది అవ్వ. బడి లేని రోజుల్లో, బడి ఉంటే మధ్యాహ్నం గంట కొట్టాక, ఐదు లీటర్ల నూనెక్యానుకు తడిపిన గోనెపట్టా చుట్టి, నిండా బావి నీళ్ళు పోసి, చేనికి తీసుకుపోయేది నేనే. నాయన నన్ను దూరంనుంచే చూసి గుంటక ఆపేవాడు. తల పైకెత్తి, క్యాను పెదవికి తగలకుండా ఎత్తి, గటగటా తాగుతుంటే గొంతులో ముడి పైకీ కిందికీ ఆడేది. తాగి, మిగిలిన దోసెడు నా నెత్తిమీద చల్లి, “బతికించినావు పాపా,” అనేవాడు. ఆ మాట కోసం నేను పరిగెత్తుకుంటూ పోయేదాన్ని. ఐదారేళ్ళు మోశాను.

తర్వాత నాయన పాదాలు వాచాయి. పొద్దున్నే ముఖం ఉబ్బేది. అన్నం చూస్తే వాంతి, ఒళ్ళంతా దురద, నోట్లో తుప్పు రుచి. ఒళ్ళునొప్పులకని అతను ఏళ్ళ తరబడి మింగే మాత్రలే ఇంకో రెండు ఎక్కువ మింగాడు. మా వీధిలోనే ఇంకో ఇద్దరికి అలాగే ఉందన్నారు. చివరికి అనంతపురంలో ఒక ఆసుపత్రికి పోతే, రెండు మూత్రపిండాలూ ఎండిపోయాయన్నారు. డాక్టరు అన్నీ అడిగి రాసుకున్నాడు. షుగరుందా, బీపీ ఉందా, ఏం మాత్రలు మింగుతాడు, ఏం నీళ్ళు తాగుతారు. ఆ చివరి ప్రశ్నకు మా అమ్మ ముఖం కాస్త తేరుకుంది, అదొక్కటి తనకు బాగా తెలిసిన విషయం కాబట్టి. “ఆయప్పకు మంచినీళ్ళే సార్. మా ఊర్లో పప్పు ఉడికే నీళ్ళు అవొక్కటే,” అంది.

డాక్టరు కలం ఆపి మా అమ్మ వంక చూశాడు. పప్పు ఉడికితే ఉప్పు తక్కువని అర్థమమ్మా, అందులో ఇంకేముందో పప్పు చెప్పదు, అన్నాడు. అయితే ఆ నీళ్ళేనా సార్ అని అమ్మ అడిగింది. చెప్పలేమన్నాడు. నీళ్ళు కావచ్చు, మాత్రలు కావచ్చు, ఎండ కావచ్చు, మూడూ కలిసి కావచ్చు. బయటికొచ్చాక అమ్మ నాతో అన్న మాట ఒకటే: “అవ్వకు చెప్పొద్దు.” మేం చెప్పలేదు. అవ్వ పోయేదాకా ఆ నీళ్ళ గురించి గొప్పగానే చెప్పుకుంది.

వారానికి రెండుసార్లు బస్సులో అనంతపురం పోయి మిషను మీద రక్తం కడిగించుకురావాలి. రోజుకు అర లీటరుకు మించి నీళ్ళు తాగకూడదు. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరుతుందన్నారు. నాయన అడిగితే అమ్మ లేవనలేకపోయేది, అవ్వ అసలే అనలేకపోయేది. అందుకని నీళ్ళ కాపలా నాకు అప్పజెప్పారు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. చిన్న స్టీలు గ్లాసుతో నాలుగుసార్లు ఇచ్చేదాన్ని. నాయన మొదట్లో నవ్వేవాడు, “మా పాప కలెక్టరయినాదప్పా,” అని వచ్చినవాళ్ళకు చెప్పేవాడు. తర్వాత నవ్వలేదు. నోరు పుక్కిలిస్తానంటే ఎదురుగా నిలబడి, పోసిన నీళ్ళన్నీ ఉమ్మాడో లేదో చూసేదాన్ని. ఒకసారి ఉమ్మకపోతే అరిచాను. నాయన తలవంచుకున్నాడు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

చైత్రం ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం మంచం మీంచి పిలిచాడు.

“ఒక్క గుక్క పాపా. నాలుక అంటుకపోతాంది.”

“సాయంత్రానికి ఒగ గ్లాసు ఉండాది నాయనా. అప్పుడిస్తా.”

“సరేలే.”

సాయంత్రం దాకా లేడు. కింద పడుకోబెట్టాక మా పద్ధతి ప్రకారం నోట్లో నీళ్ళు పోయాలి. అవ్వ వంగిన మోకాళ్ళతోనే వచ్చి, బావి నీళ్ళ చెంబు తెప్పించి, “ఇప్పుడెవురూ అడ్డం లేరు, తాగు నాయనా,” అంటూ పోస్తూనే ఉంది. నీళ్ళు నోట్లో నిలవక చెంపల మీదుగా కారి చాపంతా తడిసింది. అర లీటరు ఎప్పుడో దాటిపోయిందని లెక్క చూస్తూ నేను పక్కన నిలబడ్డాను. అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాదు. రాళ్ళ మధ్య ఇంకిన నీళ్ళలాగా ఎటో పోయింది.

ఇరవై ఏళ్ళయింది. మొన్న ఒక పెళ్ళికని ఊరికి పోయాను. చేలల్లో సగం బీళ్ళు, మిగతాచోట బత్తాయి తోటలు. అరుగుల మీద కాయలు ఒలిచేవాళ్ళు లేరు, విత్తనం సంచుల్లో ఒలిచే వస్తోంది. కడవ నడుముకెత్తుకుని నడవడం ఈ కాలం ఆడపిల్లలకు రాదు, రావలసిన పనీ లేదు, ఊళ్ళోనే నీళ్ళ ప్లాంటు పెట్టారు. గోనెపట్టా తడిపి క్యానుకు చుట్టడం ఎవరికీ గుర్తులేదు. ఓళిగలు గుంతకల్లు నుంచి డబ్బాల్లో తెప్పించారు. బావి ఉండిన చోట రాళ్ళు, మట్టి పోసి చదును చేసి, దానిమీద కంది వేశారు. మా వీధిలో ఆ జబ్బుతో పోయినవాళ్ళ పేర్లు అమ్మ వేళ్ళమీద చెబుతూ రెండో చేతికి వచ్చింది. ఏ నీళ్ళ వల్లనో, ఏ మందు వల్లనో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు.

సుంకప్ప మామ ఉన్నాడు. బాగా ముసలివాడయ్యాడు, చూపు ఆనదు. బావిని పూడ్పించింది అతనే. నేనెవరో చెప్పగానే నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పెళ్ళిపందిట్లో మైకు మోగుతుండగా, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

“పెద్ద సదువు సదివినావంట కదా. నిజం చెప్పు పాపా. మీ నాయనను తినింది నా బాయి నీళ్ళేనా?”

కాదంటే అతనికి బాగుండేది. “తెలీదు మామా,” అన్నాను.

చాలాసేపు తల ఊపాడు. “ఎవురొచ్చినా నేను నీళ్ళు లేవనలేదు పాపా. ఒక్కరికి కూడా లేవనలేదు. అదే తప్పయిపోయినాది.”

అతని చెయ్యి నా చేతిలోనే ఉంది. ఎండిపోయి, గరుగ్గా, తేలిగ్గా ఉంది.

“నేను లేవన్నాను మామా,” అన్నాను. “మా నాయనకి.”