రత్నమ్మక్క రుచి చూసిన చమ్కీ

గత మంగళవారం ఉదయం కొల్లూరులో మా ఇంట్లో కూర్చుని ఒక పెళ్లి కేకు పై అంతస్తుకు వెండి మెరుపు అద్దుతుండగా ఫోన్ మోగింది. పోతిరెడ్డిపల్లి నుంచి రత్నమ్మక్క కోడలు సునీత. "అక్కా, మా అత్తమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్నది కూసున్నట్టే ఒరిగిపోయింది" అని ఏడ్చింది. కాసేపటికి మా చర్చి సంఘం వాట్సాప్‌లో 'ప్రభువునందు నిద్రించిరి' అన్న ప్రకటన వచ్చింది. చదివితే దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఒక్కచోట కుదురుగా కూర్చోని మనిషికి నిద్రేమిటి? ఆమె ఇక లేరన్న సత్యం సాయంత్రం సమాధిలో మట్టి వేసేటప్పుడు గాని నా బుద్ధికి ఎక్కలేదు. మట్టి వేసిన ఆ చేతికి వెండి పొడి ఇంకా అంటుకొనే ఉంది.

సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల చర్చిలో పెళ్లి చేసుకున్నవాళ్లలో ఆమె పేరు తెలియనివాళ్లు ఉండవచ్చు గాని, ఆమె కేకు తిననివాళ్లు అరుదు. మిషన్ హాస్టల్లో వంటమనిషిగా చేరి, అక్కడి వార్డెనమ్మ దగ్గర కేకు విద్య నేర్చుకున్నారు. ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేసిన ఆమె భర్త, పాత బేరింగు బిగించి, కేకును తిప్పుతూ అలంకరించడానికి ఒక తిరుగుడు పీట చేసిచ్చారు. ఆయన పోయి చాలా కాలమైనా ఆ పీట మాత్రం చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. నేను మందుల కంపెనీలో ప్యాకింగ్ పని పోగొట్టుకుని దిక్కుతోచక ఉన్నప్పుడు, ఆ పీట పక్కన నాకు చోటిచ్చారు. ఏడేళ్లు ఆమె శిష్యరికం చేశాను.

మెరుపు అద్దడం ఆమెకు తపస్సు లాంటిది. ముందు రోజే పెళ్లి జరిగే హాలుకు వెళ్లి, వధూవరులు ఎటు నిలబడతారో, వెలుగు ఏ కిటికీలోంచి పడుతుందో చూసుకుని వచ్చేవారు. నేను ఉత్సాహం కొద్దీ కేకు నిండా పొడి చల్లబోతే చేయి పట్టుకుని ఆపేవారు. "అంతట సల్లితె ఫంక్షన్ హాల్ లైట్ల లెక్కుంటది. పిల్ల మొకం ఏ దిక్కున్నదో గా దిక్కే అద్దు. ఆమె నవ్వితె కేకు మెరవాలె గని, కేకు మెరిసి ఆమె కనబడకపోతె ఎట్ల?" అనేవారు.

కేకును తీసుకుపోయేటప్పుడు ట్రాలీ ఆటో వెనక తానే కూర్చుని, కేకు కింది బోర్డును ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకునేవారు. పక్కనుంచి లారీలు దుమ్ము లేపుకుంటూ పోతుంటే, "జెర మెల్లగ నాయనా, ఎనక పెండ్లిపిల్ల కూసున్నది" అని డ్రైవరును బతిమాలేవారు. ఆ మాట విని ఒక డ్రైవరు నిజంగానే వెనక్కి తిరిగి చూశాడు.

మా పనిలో ఒక సంగతి అందరికీ తెలియదు. మూడంతస్తుల కేకులో కింది రెండూ సాధారణంగా థర్మకోలువే. కోసేదీ తినేదీ పై అంతస్తు ఒక్కటే. కింద థర్మకోలు మీద ఫ్యాన్సీ షాపులో దొరికే చమ్కీ చల్లుతాం, పైన తినదగిన మెరుపు పొడి అద్దుతాం. రెండూ కంటికి ఒకేలా ఉంటాయి. అందుకని అక్క తినకూడని చమ్కీ ఉన్న డబ్బాకు ఎర్ర దారం కట్టి ఉంచేవారు. అదీ చాలదని, కేకు కోసే ముందు పై అంతస్తు మీద వేలు అద్ది నాలుకకు రాసుకునేవారు. తినే పొడి కరిగిపోతుంది, ఇంకొకటి ఇసుకలా మిగులుతుంది. పాస్టరుగారు చూసి, "కూరల ఉప్పు చూసినట్టు చూస్తవేందమ్మా" అని ఆటపట్టిస్తే, "నా నాలిక మీద కరిగిందే పిల్ల నోట్లెకు పోవాలె అయ్యగారూ" అనేవారు.

ఇక ఏడాదిన్నరగా నా గుండెలో పెట్టుకున్న మాట చెప్పాలి.

భానూరులో పెళ్లి. కేకు హాలుకు చేరేసరికి పై అంతస్తు పక్కన కొంచెం చెదిరింది. అక్క కింద పూలు అమరుస్తున్నారు. నేను క్రీమ్ సర్ది, సంచిలో చేతికి అందిన డబ్బా తీసి మెరుపు అద్దాను. ముందు రోజు క్రీమ్ కోను మూతి కట్టడానికి ఏమీ దొరక్క, చమ్కీ డబ్బాకున్న ఎర్ర దారం విప్పింది నేనే. తిరిగి కట్టడం మరిచిపోయాను.

వధూవరులు బల్ల దగ్గరికి వచ్చారు. పాస్టరుగారు ప్రార్థనకు చేయి ఎత్తబోతున్నారు. అక్క అలవాటు ప్రకారం వేలు నాలుకకు రాసుకుని ఆగిపోయారు. నా వైపు చూసి మెల్లగా, "ఏ డబ్బ?" అన్నారు. నేను తల దించుకున్నాను. అంతే. ఆమె చాకు తీసుకుని, హాలంతా చూస్తుండగా పై అంతస్తు క్రీమునంతా గీకేశారు. మెరుపూ పోయింది, గులాబీలూ పోయాయి, గోధుమ రంగు కేకు బయటపడింది. పెళ్లికూతురు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె తల్లి మీదికి వచ్చింది.

"ఏందమ్మా గిది! ఈకలు పీకిన కోడి లెక్క జేస్తివి మా బిడ్డ కేకును!"

"తప్పు నాదేనమ్మా. నా సూపు ఆనలే. ఇప్పుడు మంచిగున్నది, కోయుండ్రి" అన్నారు అక్క.

నేను పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు. మరుసటి వారమే అదే సంఘంలో నా పేరు మీద నా మొదటి పెళ్లి కేకు ఉంది. నిజం బయటికి వస్తే అది పోతుందని నాకు తెలుసు. అక్కకు నాకంటే బాగా తెలుసు.

ఆనాటి నుంచి "రత్నమ్మకు వయసైపోయింది, చూపు ఆనదు, చేయి వణుకుతుంది" అన్న మాట ఊరూరా తిరిగింది. ఆమె గడప తొక్కేవాళ్లు ఒక్కొక్కరే నా గడపకు వచ్చారు. నేను కాదనలేదు. సిగ్గుతో చెబుతున్నాను, సంతోషించాను కూడా. ఒకసారి తట్టుకోలేక ఆమె ఇంటికి వెళ్లి, "అక్కా, భానూరు సంగతి అందరికి చెప్పేస్త" అన్నాను. ఆమె పీట తుడుస్తూ తల ఎత్తకుండానే, "గదంత ఎందుకు గని, దారం కట్టినవా లేదా, గది జెప్పు" అన్నారు. కట్టానన్నాను. "ఇగ సాలు. చాయ్ తాగిపో" అన్నారు. ఆ చాయ్ తాగి, పెద్ద బరువు దిగినట్టు ఇంటికి వచ్చేశాను. ఎంత సులువుగా దిగిందో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

సమాధి దగ్గర ఆ భానూరు తల్లి కూడా కనిపించింది. కళ్లు తుడుచుకుంటూ, "ఎంత మంచి చెయ్యి ఆమెది! మా బిడ్డ పెండ్లిల గట్లెందుకు జేసిందో పాపం. సూపు పోయిందేమో" అంది. నేను "ఏమోనమ్మా" అన్నాను. గురువు ఒంటి మీద మట్టి ఆరకముందే రెండోసారి ఆమె మీద నింద వేశాను.

అమ్మా, ఇదిగో నీకు ఇవ్వవలసిన జవాబు. ఆమె చూపు పోలేదు, చేయి వణకలేదు. నీ బిడ్డ నోట్లోకి పోబోయిన దాన్ని తన నాలుక మీద ఆపిన మనిషి ఆమె. దారం విప్పింది నేను. అందుకు మాటపడింది ఆమె.

ఆమెలా మెరుపు అద్దేవాళ్లు రేపు ఎవరైనా రావచ్చు. నాకూ ఆ పని కొంత వచ్చు. కాని పదిమందిలో తన పనిని తన చేత్తోనే గీకేసి, ఇంకొకరి తప్పును కొంగున ముడేసుకుని ఇంటికి పోగల మనిషి మా ప్రాంతంలో మళ్లీ దొరకదు. ఆ పవిత్రమూర్తికి ఈ శిష్యురాలి కన్నీటి నివాళి.

సునీత నిన్న ఆ తిరుగుడు పీటను తెచ్చి మా ఇంట్లో పెట్టి వెళ్లింది, అత్తమ్మ ఎప్పుడో నాకే ఇయ్యమన్నదట. దానిమీద చేయి వేయడానికి ముందు ఈ నాలుగు మాటలు రాయాలనుకున్నాను.

దారం కట్టిన అక్కా. నువ్వు వద్దన్నది గూడ చెప్పిన.