రజితకు చెప్పని జ్వరం

తన అక్క చావుకు తానే కారణమని రజిత ఇప్పటికీ నమ్ముతోంది. కాదని నాకు తెలుసు. ఇన్నేళ్లుగా తెలుసు. ఒక్క మాట చెబితే ఆమె గుండె మీది బరువు దిగిపోతుంది. ఆ మాట చెప్పలేదు. ఆమె తనది కాని పాపాన్ని మోస్తోంది, నేను నాదాన్ని దాచుకుని మోస్తున్నాను. రెండింటిలో ఏది ఎక్కువ బరువని అడిగే హక్కు కూడా నాకు లేదు.

నా పేరు వద్దు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ఇది మీతో చెప్పగలుగుతున్నాను.

మాది దేవరుప్పుల దగ్గర ఒక ఊరు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో నేను యూనివర్సిటీలో పీజీ చదువుతున్నాను. ఆడపిల్లల హాస్టల్లో మా గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. రజితది భూపాలపల్లి. వాళ్ల నాయిన బొగ్గుబావిలో పనిచేసేవాడు. షమీమ్ వాళ్ల నాన్నకు జనగామలో దర్జీ దుకాణం ఉండేది. మూడోదాన్ని నేను. సభల్లో మైకు పట్టుకునేదాన్ని.

స్వైన్ ఫ్లూ వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. చేతులు కడుక్కోమని, మూతికి గుడ్డ కట్టుకోమని మెస్సు గోడకు కాగితాలు అంటించారు. ఎవరూ చదవలేదు. ఒక సారు వచ్చి రోగం గురించి గంటసేపు చెప్పాడు. పరీక్షలో రాని పాఠం విన్నట్టు విన్నాం. లాఠీలకు ఎదురు నిలబడ్డవాళ్లం, జలుబుకు భయపడతామా?

షమీమ్ మాత్రం భయపడింది. ఒకసారి ఇంటికి పోయి, దుకాణంలో మిగిలిన గుడ్డపీలికలతో సంచినిండా మాస్కులు కుట్టుకొచ్చింది. పూలవి, గళ్లవి, చారలవి. నాకొకటి ఇస్తే నవ్వాను.

"నాకేమైతదే?" అన్నాను.

"నీకేం గాదు. నీ కోసం ఎవలు కట్టుకోమన్నరు? ఇంటికి పోతవ్ గదా. ఇంట్ల ఉన్నోళ్ల కోసం కట్టుకో."

ఆ మాట పూర్తికాకముందే రజిత చెయ్యి చాపింది. వాళ్ల అక్క సునీత తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. రజితను చూసి పక్కగది వాళ్లు అడిగారు, వాళ్లను చూసి ఆ పైగదుల వాళ్లు. మెల్లగా మెస్సు వరసంతా పూలగుడ్డలూ గళ్లగుడ్డలూ కనిపించసాగాయి. దీని గురించి తర్వాత చాలా ఆలోచించాను. గోడ మీది కాగితం చెబితే వినని పిల్లలు, ప్రాణం పోతుందని సారు చెబితే వినని పిల్లలు, ఇంట్లో ఒక మనిషి గుర్తొస్తే విన్నారు. పక్కమంచం పిల్ల కట్టుకుంటే కట్టుకున్నారు. అంతే. అంత సులువు. విప్పించడం ఇంకా సులువని నాకు తెలుసు, విప్పించింది నేనే కాబట్టి.

ఫ్లూ పేరు చెప్పి హాస్టళ్లు మూసేస్తారని, అందరినీ ఇళ్లకు పంపి ఉద్యమాన్ని చల్లారుస్తారని ఒక పుకారు లేచింది. నేను నమ్మానా? సగం నమ్మాను. మిగతా సగానికి చప్పట్లు కావాలి. మెస్సులో బల్ల ఎక్కి నిలబడ్డాను.

"గిది రోగం గాదు, మనల్ని ఇండ్లకు తోలే ఉపాయం! మూతికి గుడ్డ కట్టుకుంటే నినాదం ఎట్ల బయటికొస్తది?"

నవ్వులు. చప్పట్లు. ఒక్కొక్కరే గుడ్డలు కిందికి లాగేశారు. రజిత వెంటనే తీయలేదు. నా వైపు చూసింది. నేను కనుబొమలెగరేశాను. విప్పి సంచిలో పెట్టుకుంది. షమీమ్ ఒక్కతే అలాగే కూర్చుని అన్నం ముందు పెట్టుకుని తినకుండా నన్ను చూసింది.

ఆ తర్వాత మహబూబాబాద్‌లో మా చిన్నమ్మ ఇంటికి ఏదో శుభకార్యానికి వెళ్లాను. అక్కడే జ్వరం పట్టుకుంది. ఒళ్లంతా సుత్తితో కొట్టినట్టు నొప్పులు. చిన్నమ్మ దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరు గొంతులోంచి నమూనా తీసి, ఫలితం వచ్చేదాకా గది దాటొద్దని, హాస్టల్‌కు అసలే పోవద్దని చెప్పాడు. సరేనన్నాను. కానీ మర్నాడు మా యూనివర్సిటీ గేటు దగ్గరినుంచి ర్యాలీ ఉంది. నేను మాట్లాడాలి. నేను లేకపోతే ఇంకొకరు మాట్లాడతారు. అప్పుడు నన్ను కుదురుగా ఉండనివ్వనిది అదే. ఉద్యమం ఆగిపోతుందని కాదు, నేను లేకుండా కూడా నడుస్తుందని. జ్వరం గోళీ వేసుకుని, చిన్నమ్మ వద్దంటున్నా రైలెక్కాను.

ర్యాలీలో మాట్లాడాను. గొంతు పూర్తిగా పోయింది, దగ్గు పట్టుకుంది. నినాదాలిచ్చి గొంతు పోయిందన్నాను. ఆ రోజుల్లో హాస్టల్లో అందరి గొంతులూ అలాగే ఉండేవి, అనుమానించేవాళ్లెవరు? రజిత మెస్సువాళ్లను బతిమాలి మిరియాల కషాయం కాచి తెచ్చింది. నేను తాగుతూ మొహం చిట్లిస్తే, అంత ఘాటుందా అని అదే గ్లాసులో ఒక గుక్క తాగి చూసింది. వద్దని అనలేకపోయాను. అంటే ఎందుకో చెప్పాలి కదా.

ఇక చెప్పాల్సింది ఇదీ.

రజిత ఇంటికి వెళ్లడానికి సంచి సర్దుకుంటోంది. సునీతకు నెలలు నిండుతున్నాయి, తోడుండడానికి పోతోంది. నా ఫోను మోగింది. చిన్నమ్మ.

"గదే జ్వరమట బిడ్డా. డాక్టరు మనిషిని తోలిండు. నీ గదిల పిల్లలకు కూడ చెప్పుమన్నడు. జర ఎవల దగ్గరికి పోకు."

"సరే" అని పెట్టేశాను.

రజిత చీర మడత పెడుతూ తలెత్తింది. అక్క కోసం కొన్న మెత్తటి నూలుచీర అది.

"ఎవలే? ఏంది, గట్లున్నవ్?"

"చిన్నమ్మ. మంచిగ చేరినవా అని అడిగింది."

"గంతేనా?"

"గంతే."

"మరి పోయొస్త. కషాయం తాగు, మర్వకు."

పోయింది.

ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు విన్నాను. కిటికీలోంచి గేటు దాటేదాకా చూశాను. ఒక్క కేక వేస్తే ఆగేది. ఎందుకు వేయలేదు? మెస్సులో బల్లెక్కి రోగమే లేదన్నదాన్ని, ఆ రోగం నాకే వచ్చిందని ఎలా చెప్పను? హాస్టల్ మూసేస్తే నా వల్లే మూశారంటారు. నమ్మకద్రోహి అంటారు. ఇవన్నీ అప్పుడే ఆలోచించానా, తర్వాత కూర్చుకున్నానా, ఇప్పుడు తేల్చుకోలేను. ఒకటి మాత్రం ఖాయం. సునీత గుర్తొచ్చింది. గుర్తొచ్చి కూడా ఊరుకున్నాను. ఆమెకేం కాదులే అనుకున్నాను. ఎవరికీ ఏమీ కాదులే అని నేను అందరికీ చెప్పిన మాటను నాకూ చెప్పుకున్నాను.

ఇల్లు చేరిన కొద్దిరోజులకే రజితకు జ్వరం వచ్చి తగ్గింది. తర్వాత సునీతకు వచ్చింది. అది తగ్గలేదు. ఊపిరాడక నగరంలోని పెద్ద దవాఖానకు తెచ్చారు. ఆపరేషన్ చేసి బిడ్డను బయటికి తీశారు. ఆడపిల్ల, బతికింది. సునీత బతకలేదు.

నేనూ షమీమ్ భూపాలపల్లి వెళ్లాం. క్వార్టర్ల ముందు జనం. సునీత అత్త నెత్తి కొట్టుకుంటూ, "హాస్టల్ల రోగం మోసుకొచ్చి నా కోడల్ని మింగింది" అని రజితను తిడుతోంది.  రజిత నన్ను చూడగానే వచ్చి మీద పడింది.

"బస్సుల ఎవలో దగ్గిండే. నేను మూతికి కట్టుకోలే. సంచిల్నే ఉండె, కట్టుకోలే."

ఆమె వీపు నిమిరాను. అవును, ఈ చేత్తోనే నిమిరాను.

 తిరుగు బస్సులో, పరకాల దాటాక షమీమ్ అడిగింది.

"నీ దగ్గు ఎన్నడు తగ్గింది?"

"ఏ దగ్గు?" అన్నాను.

మళ్లీ అడగలేదు. ఆ నెలలోనే వేరే గదికి మారింది. ఆమెకు తెలుసనే అనుకుంటాను.

రజిత చదువు ఆపేసింది. పసిబిడ్డను సాకడానికి బావను పెళ్లి చేసుకోమన్నారు. వాళ్ల నాయిన మాత్రం, నీకిష్టం లేకుంటే వద్దు బిడ్డా అన్నాడు. తనే ఒప్పుకుంది. "నా వల్లనే దాని తల్లి పోయింది, నేనే సాదుకుంట" అన్నదట. ఆ పెళ్లికి వెళ్లాను. అక్షింతలు వేశాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్తే ఆ పెళ్లి ఆగేదేమో. ఆగితే ఆ పసిదానికి ఎవరు? ఇలా ప్రతిసారీ నోరు మూసుకోవడానికి నాకో మంచి కారణం దొరికింది. రాష్ట్రం వచ్చింది, నాకు ఉద్యోగం వచ్చింది. అందరికన్నా ముందు రజితే ఫోను చేసి సంబరపడింది. ఆ సంతోషంలో చెబుతామా? పండుగలు, పుట్టినరోజులు, ఎప్పుడూ సమయం కాదు. గదికి తలుపులన్నీ నేనే వేసుకున్నాను, ఇప్పుడు గాలాడటం లేదంటున్నాను.

కరోనా వచ్చినప్పుడు ఒకసారి సందు దొరికి వాళ్లింటికి వెళ్లాను. రజిత ఇంట్లో కూడా మాస్కు తీయదు. పిల్లను దగ్గరికి రానివ్వదు. అన్నం పళ్లెం గడప దగ్గర పెట్టి దూరంగా నిలబడుతుంది. చేతులు కడిగి కడిగి తోలు పగిలింది. పదేళ్ల పిల్ల, "అమ్మ నన్ను పట్టుకుంటలేదు పెద్దమ్మా" అని నాతో ఏడ్చింది. ఇక చెప్పాలి అనుకున్నాను. ఇద్దరం వాకిట్లో దూరం దూరంగా కూర్చున్నాం. మొదలుపెట్టాను కూడా.

"రజితా, అప్పుడు హాస్టల్ల..."

"గది యాది చెయ్యకే" అంది. పగిలిన చేతుల వైపు చూసుకుంటూ, "అందరు నన్ను తప్పు పట్టిన్రు. అమ్మ గూడ ఒకపారి అన్నది. నువ్వొక్కదానివే ఎన్నడు ఒక్క మాట అనలే. నువ్వు లేకుంటే నేను బతకకపోదును" అంది.

 ఆమెకు మిగిలిన ఒకే ఒక్క ఆసరా నేను. ఆ ఆసరాను నా చేత్తో నేనే లాగేయాలి. లాగేయకపోతే జన్మంతా తనను తాను శిక్షించుకుంటూనే ఉంటుంది. ఏది దయ, ఏది పిరికితనం? దయేనని ఆ రోజు బస్సులో దారంతా చెప్పుకున్నాను. కాదు. నేను నా కోసమే ఊరుకున్నాను.

మీకు చెప్పినంత మాత్రాన రజిత బరువు తగ్గదని తెలుసు. ఆమెకు చెబుతానని మాట కూడా ఇవ్వను. ఇచ్చి తప్పడం నాకు అలవాటే. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. కానీ ఇంతవరకూ మనసులో కూడా పూర్తిగా అనుకోని ఒక వాక్యం ఉంది. అనుకోబోయిన ప్రతిసారీ మధ్యలో తుంచేసేదాన్ని. ఇవాళ మొదటిసారి చివరిదాకా రాస్తున్నాను.

ఆ జ్వరం నాది, నాదని తెలిసే రజితను ఇంటికి పంపాను.