బెజవాడలో పోయిన చింతపండు

1948లో, పోలీస్ యాక్షన్ ఇంకా కొన్ని నెలలుందనగా, నన్ను ఒక పనిమీద బెజవాడ పంపారు. అప్పటికి నేను సికింద్రాబాద్ స్టేషన్‌లో జనానా వెయిటింగ్ రూమ్ ఆయాను. నా పెనిమిటి పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా పనిచేసి, జ్వరమొచ్చి పోయాక ఆ నౌకరీ నాకిచ్చారు. నాకు చదువు రాదు. సంతకం వరకు గీస్తాను. ఇది నేను చెప్తుంటే మా మనవరాలు రాస్తోంది. భాష అక్కడక్కడ సరిచేస్తానంటే సరే అన్నాను. నా తెలివితక్కువతనాన్ని మాత్రం సరిచేయవద్దన్నాను, అది లేకపోతే చెప్పడానికేమీ మిగలదు.

బెజవాడ పోవడమూ ఒక ప్రయాణమేనా అని ఇప్పటివాళ్ళు నవ్వుతారు. ఆ రోజుల్లో అది పరాయి దేశం. ఇటు నైజాం, అటు యూనియన్. మా హాలీ రూపాయి అక్కడ చెల్లదు. సరిహద్దు దగ్గర బండి ఆపి పెట్టెలు తెరిపిస్తారు. అందుకని నేనూ జన్మలో ఒకసారి విదేశం పోయొచ్చినదాన్నే.

ఆయా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆడవాళ్ళ గదికి గుమ్మం దగ్గర ఒక ముక్కాలి పీట ఉంటుంది. ఆయా కూర్చునేది దాని మీద. నీలం అంచు తెల్లచీర, భుజం మీద నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ, ఇవి రైల్వే ఇచ్చేవి. ఊడ్చే పని స్వీపర్‌ది, టికెట్ అడిగే అధికారం టికెట్ కలెక్టర్‌ది. మగవాళ్ళను లోపలికి రానీయకపోవడం, బాలింతలకు వేడినీళ్ళు తేవడం, సామాను కనిపెట్టడం మా పని. ఎవరు స్నానానికి పోయినా "ఆయమ్మా, జెర మూట చూడు" అని నా కాళ్ళ దగ్గర పెట్టిపోయేవాళ్ళు. నా చేతి కింద ఒక్క మూట పోలేదు.

దాంతో నాకు గర్వం తలకెక్కింది. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ దొంగల గురించి చెప్పడం మొదలుపెట్టాను. పక్కనున్నవాళ్ళు పెట్టింది తినొద్దు. ఎక్కడికి పోతున్నావని ముందుగా అడిగినవాళ్ళకు ఊరు పేరు చెప్పొద్దు. బంగారం దాచినచోట మాటిమాటికీ చెయ్యి పెట్టి చూసుకోవద్దు, దొంగ మూటను చూడడు, నీ చేతిని చూస్తాడు. ఇట్లాంటివి చాలా ఉండేవి. "నర్సమ్మ ఉపన్యాసం అయ్యేదాకా గార్డు జెండా ఊపడు" అని టికెట్ కలెక్టర్ ఎగతాళి చేసేవాడు. నేను దాన్ని మెప్పనుకున్నాను.

సుగుణమ్మ అని, తిరుమలగిరిలో ఒక మిషన్ బడి పంతులుగారి భార్య. పుట్టిల్లు బెజవాడ అవతల. నిండు నెలలు. బిడ్డ అడ్డం తిరిగింది, కోసి తీయాల్సి రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆ ఖర్చుకు వాళ్ళకున్న ఆధారమల్లా పెళ్ళినాటి గాజులు, ఒక గొలుసు. బెజవాడలో అమ్మి ఆస్పత్రికి కట్టాలి. పంతులుగారికి పరీక్షల రోజులు, సెలవు దొరకలేదు. ఆయన మా అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగారిని అడిగితే, దొంగల సంగతి నర్సమ్మకంటే తెలిసినవాళ్ళెవరని నాకు పాసు రాసి తోడు పంపారు. ఏదన్నా పోతే నౌకరీ కూడా పోయినట్టేనని నవ్వుతూనే చెప్పారు.

బంగారం ఒంటిమీద ఉంటే బండిలో లాగేస్తారు. పెట్టెలో ఉంటే సరిహద్దు దగ్గర తెరిచినప్పుడు రైలు డబ్బాలో జనమంతా చూస్తారు. నేను బాగా ఆలోచించి, నగలను గుడ్డలో చుట్టి, కొత్త చింతపండు ముద్ద మధ్యలో పెట్టి, పైన ఇంకా చింతపండు అద్ది ఉండ చేశాను. సుగుణమ్మ ముక్కు మూసుకుంది.

"చింతపండులో బంగారమేంటి నర్సమ్మా? నల్లబడిపోదూ?"

"ఇంకా మెరుస్తది తల్లీ. చింతపండు ఎత్తుకపోయే దొంగ ఇంకా పుట్టలే. నా మాటిను."

ఆ ఉండనూ, నా మారు చీరనూ, ఇత్తడి చెంబునూ ఒక పాతగుడ్డలో మూట కట్టాను.

బండిలో నేను కన్ను మూయలేదు. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ సుగుణమ్మకు అరటిపండు ఇవ్వబోతే అడ్డం పడ్డాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, పండు వలిచి తానే తినింది. తర్వాత ఇంకొకటి. దిగేదాకా నన్ను చూస్తూ గెల సగం ఖాళీ చేసింది. పాపం, కడుపుతో ఉన్న పిల్లకు ఒక్కటీ దక్కనీయలేదు నేను. సరిహద్దు తనిఖీలో ఒక జవాను మా ఉండను వేలితో పొడిచి "యే క్యా హై?" అన్నాడు. ఇమ్లీ సాబ్ అన్నాను. బెజవాడలో చింతపండు దొరకదా అని వేలు తుడుచుకుని పోయాడు. సుగుణమ్మ వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాను.

బెజవాడలో దిగి ఆడవాళ్ళ వెయిటింగ్ రూముకు పోయాం. సుగుణమ్మ తమ్ముడు అక్కడికే రావాలి. ఆమె పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు, స్నానాల గదికి పోవాలంది. ఒక్కతెను పంపడానికి లేదు, నేల తడిగా ఉంది. గుమ్మం పక్కన ముక్కాలి పీట ఉంది. దాని మీద నీలం అంచు తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి. పరాయి దేశంలో సొంత మనిషి కనిపించినట్టయింది నాకు. ఏమడగాలో ఆలోచించనేలేదు.

"అక్కా, జెర మూట చూడు" అన్నాను.

"పెట్టు" అంది ఆమె.

అంతే. సికింద్రాబాద్‌లో నేను కూడా అంతే అనేదాన్ని.

మేము తిరిగొచ్చేసరికి పీట ఖాళీ. సుగుణమ్మ బరువైన పెట్టె అక్కడే ఉంది, మూట లేదు. గుమ్మం బయట చూశాను, ప్లాట్‌ఫారం చూశాను. అంతలో ఒక లావుపాటి ఆడమనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చి పీట మీద కూర్చుంది. ఆమెది ఆకుపచ్చ అంచు చీర. భుజం మీద బిళ్ళ. అన్నం తినడానికి పోయి వచ్చిన అసలు ఆయా ఆమే, పేరు మంగమ్మ. బెజవాడలో ఆయాలకు ఆకుపచ్చ అంచు చీరలిస్తారు. నేను పరాయి దేశంలో మా దేశం బట్టను వెతుక్కుని, మూట దానికి అప్పగించాను.

సంగతి విని మంగమ్మ నడుం మీద చెయ్యేసుకుంది.

"నువ్వు కూడా ఆయావే అంటున్నావు, బిళ్ళ చూడక్కర్లేదటమ్మా? మీ నైజాంలో పీట మీద మేకను కట్టేసినా మూట ఇచ్చేస్తారా?"

గదిలో ఆడవాళ్ళు నవ్వారు. మూటలో ఏముందని మంగమ్మ అడిగింది.

అంతమంది మధ్య బంగారమని చెప్తే ఉన్న కాస్త ఆశా పోతుంది. "నా చీర, చెంబు... చింతపండు" అన్నాను. చింతపండు అనేసరికి ఏడుపాగలేదు. సుగుణమ్మ బల్ల మీద కూలబడి, కడుపు పట్టుకుని "నా చింతపండు, నర్సమ్మా, నా చింతపండు" అని వెక్కింది. చీర పోయిందని ఏడవని ఆడవాళ్ళు చింతపండుకోసం ఏడుస్తుంటే గదంతా విరగబడి నవ్వింది. ఒకావిడ తన పిల్లను ఎత్తి మరీ మమ్మల్ని చూపించింది.

మంగమ్మ మాత్రం కొంచెం సేపటికి నవ్వు ఆపి, పక్కన పెట్టుకున్న తన అన్నం బుట్టలోంచి ఏదో తీసింది.

"కుళాయి దగ్గర ఎవరో పడేసి పోయారు, చారుకు పనికొస్తుందని తెచ్చుకున్నా. ఇది గానీ మీదా?"

మా ఉండే. ఆ దొంగది చీరా చెంబూ ఏరుకుని, చింతపండు విసిరేసి పోయింది. చింతపండు ఎత్తుకుపోయే దొంగ పుట్టలేదన్న నా మాట ఒక్కటే నిజమైంది.

నేను చెయ్యి చాపాను. మంగమ్మ ఇవ్వలేదు. రెండు చేతులతో ఉండను పట్టుకుని, "సగం నీకు, సగం నాకు. దొరికింది నాకే కదా" అని విరవబోయింది.

నేను ఆమె కాళ్ళ మీద పడ్డాను. "వద్దక్కా! నీ కాల్మొక్త, ఇరగ్గొట్టకు! ఒక్క రెబ్బ సుత తియ్యకు!"

"అబ్బో! మనిషన్నాక ఇంత పిసినారితనమా! ఒక్క పూట చారుకు కూడా ఇవ్వదంట చూడండే!" అని అందరికీ వినబడేట్టు అరిచింది. అరిచి, ఉండను నా ఒళ్ళో పెట్టింది. నేను దాన్ని కొంగులో చుట్టుకుని, సుగుణమ్మ తమ్ముడు వచ్చేదాకా బల్ల మీద పిసినారి అనిపించుకుంటూ కూర్చున్నాను. బంగారం దాచినచోట చెయ్యి పెట్టొద్దని చెప్పినదాన్ని, రెండు చేతులూ తియ్యలేదు.

సుగుణమ్మకు ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. గాజులూ గొలుసూ దానికే సరిపోయాయి. ఇది నాకు తర్వాత పంతులుగారు చెప్పారు. ఆ మధ్య బండ్లు సరిగా నడవక కబుర్లు కూడా వచ్చేవి కావు. పోలీస్ యాక్షన్ రోజుల్లో మా వెయిటింగ్ రూమ్‌లో ఒకరోజు కాలు పెట్టడానికి చోటులేదు, ఒకరోజు మనిషే లేడు. నేను మాత్రం పీట వదల్లేదు. అన్నం కూడా దాని మీదే తిన్నాను.

అంతా సర్దుకుని బండ్లు మామూలుగా నడిచాక, ఒక గార్డు చేత మంగమ్మకు బుట్టెడు చింతపండు పంపాను. పిసినారిని కాదని ఆమెకు తెలియాలి కదా. ఆయన తిరుగు బండిలో వచ్చి, మంగమ్మ ఒక్క మాట చెప్పమందన్నాడు.

"ఈసారి చింతపండు ఇంత తేలిగ్గా ఉందేమని అడగమంది" అన్నాడు. దానర్థమేందో ఆయనకు తెలియలేదు.

నేను పీట మీద కూర్చుని చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. ఉండ చేతిలోకి తీసుకున్నప్పుడే, బరువును బట్టి లోపల ఏదో ఉందని ఆమెకు తెలిసింది. విరవబోయింది విరవడానికి కాదు, ఎవరి ప్రాణం పోతుందో చూడడానికి. గదిలో ఇంకెవరన్నా అది నాదంటే, వాళ్ళు సగానికి సరే అనేవాళ్ళు.

మూట ఇచ్చేముందు బిళ్ళ చూడాలి. మూట తిరిగి ఇచ్చేముందు అది ఎవరిదో తేల్చుకోవాలి. మొదటిది చీర, చెంబు పోగొట్టుకుని నేర్చుకున్నాను. రెండోది మంగమ్మ ఊరికే నేర్పింది. ఉపన్యాసాలు మానేశాను. రిటైరయ్యేదాకా, నాకు మూట ఇవ్వబోయిన ప్రతి ఆడమనిషినీ ముందు నా బిళ్ళ మీద నంబరు చూడమన్నాను. వాళ్ళలో చాలామందికి చదవడం రాదు. నాకూ రాదు. అయినా చూడమన్నాను.