తేమను తూచిన కెమిస్టు

ముందే ఒప్పుకుంటాను. పదిహేను రోజులపాటు నేను సముద్రపు గాలిని తూచి, బొగ్గుపులుసు వాయువును పట్టేశానని ఊరేగాను. నెల్లూరువాణ్ణి కదా, పులుసు అనగానే నోరూరింది.

నాలుగేళ్ల కిందటి మాట. తీరాన ఒక థర్మల్ ప్లాంటు లాబ్‌లో కెమిస్టుగా ఉన్నాను. పొగగొట్టంలోని ఆ వాయువును, అదే కార్బన్ డయాక్సైడును, రాతిపొడి చేత తాగించే పని మాకు అప్పజెప్పారు. ఆ రాయి గూడూరు వైపు దొరికే వెర్మిక్యులైట్, అభ్రకానికి తమ్ముడి వరస. అందులోని మెగ్నీషియం ఆ వాయువుతో కలిస్తే కార్బనేట్, అంటే మళ్లీ రాయే, అవుతుంది. ట్రేలో పొడి పోసి, పొగ పట్టించి, మర్నాడు పొద్దున్నే తూచేవాణ్ణి. పెరిగిన బరువంతా పట్టుబడ్డ వాయువేనని రాసేవాణ్ణి. మేనేజరుగారు ఆ అంకెను హైదరాబాదు హెడ్డాఫీసుకు పంపి, పెద్ద యూనిట్‌కు అనుమతి కూడా అడిగేశారు.

పొడి తెచ్చే ఖాదర్ భాయ్‌కి గూడూరులో ముప్పై ఏళ్ల అభ్రకం వ్యాపారం. ఒకరోజు నా తూకం చూసి నిలబడిపోయాడు.

"ఏంది సార్, ఎండబెట్టకుండానే కాటా పెడతా ఉండావు? మా తావున పొద్దన్నే సరుకు తూచేదే లేదు. రేత్రంతా గాలిలో చెమ్మ తాగి ఉంటాది."

"భాయ్, ఇది వ్యాపారం కాదు, సైన్సు."

"అట్నేలే సార్. పొగ పట్టించకుండా ఒక ట్రే ఊరికే పెట్టి చూడు. సైన్సుకేమన్నా నొప్పా?"

పెట్టాను. మర్నాటికి దాని బరువూ దాదాపు అంతే పెరిగింది.

"ఇది బయటపడితే నీ లోడ్లు ఆగిపోతాయి భాయ్" అన్నాను.

"ఆగితే ఆగనీ సార్. తేమ అమ్మినాడని పేరొస్తే గూడూర్లో నన్ను కాటా దగ్గరికి రానిస్తారా?"

మేనేజరుగారికి చెప్పాను. "ఎల్లుండి హైదరాబాదు వాళ్లొస్తున్నారయ్యా. ఆ తూకాలన్నీ వేసింది నువ్వు. తేడా వస్తే పోయేది నీ ఉద్యోగమే. నోరు మూసుకో" అన్నారు.

నోరు మూసుకున్నాను. ఓవెన్ తలుపు మాత్రం తెరిచాను. పొగ పట్టించిన ట్రేను అందులో పెట్టాను. నూరు డిగ్రీలు దాటితే తేమ పోతుంది, కార్బనేట్ కదలదు.

హైదరాబాదు వాళ్లొచ్చిన రోజు అందరి ముందూ ఆరిన ట్రే తీసి, "సార్, ఘనత మీది. మీ చేత్తోనే తూస్తే బాగుంటుంది" అన్నాను. ఆయన పొంగిపోయి అంకెను గట్టిగా చదవబోయారు. సగంలో గొంతు తగ్గింది. నిజంగా పెరిగింది చిటికెడు.

పెద్ద యూనిట్ రాలేదు. చిన్న ట్రయల్ ఆ చిటికెడుతోనే నడుస్తోంది. రాయికి తొందర లేదు, మనకే. పట్టుకున్నదాన్ని తూచేముందు, ఏమీ పట్టుకోనిదాన్ని కూడా ఒకసారి తూచాలని నేర్చుకున్నాను.

నన్ను నీళ్ల పరీక్షలకు మార్చారు. తేమలో నా అనుభవానికి తగిన చోటే. కాని లాబ్‌లో ఆ తూకాల పుస్తకం ఇంకా ఉంది. "తూచినవారు" అన్న గడిలో పేజీలకు పేజీలు నా సంతకాలే. ఆ చిటికెడు తూకం రాసిన ఒక్క వరుసలో మాత్రం, పెన్ను నేనే అందించి, మేనేజరుగారి చేత పెట్టించాను.