నాకు అనుమతి లేని ఏడో అంశం

ఆ రోజుల్లో రహస్యం అంటే బీరువాలో పెట్టి తాళం వేసే వస్తువు. తాళంచెవి ఎక్కడుంటుందో ఊరందరికీ తెలిసినా సరే, తాళం వేశాం కదా అన్న తృప్తి ఉండేది. మా కంపెనీలో ఆ తృప్తిని పోగొట్టి దాని స్థానంలో యాప్‌ను తెచ్చిపెట్టినవాణ్ని నేనే. ఆ యాప్ బాగా అవమానించిందీ నన్నే. ఏళ్లు గడిచాయి కదా, ఇక మరిచిపొమ్మని చాలామంది చెప్పారు. అలా చెప్పినవాళ్ల పేర్లు కూడా నాకు గుర్తున్నాయి.

కరీంనగర్‌లో ఒక గ్రానైటు కంపెనీలో, కంపెనీ సెక్రటరీ మేడంకు సహాయకుడిగా చేరిన కొత్త అది. ఉద్యోగం తాత్కాలికం. పని నచ్చితే పర్మినెంటు చేస్తామన్నారు, ఎవరికి నచ్చాలో మాత్రం చెప్పలేదు. మందమర్రిలో మా బాపు అంతవరకు ఆగే మనిషి కాదు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాడు, కొడుకు ఆఫీసు కుర్చీలో స్థిరంగా కూర్చోవాలని చర్చిలో ప్రార్థన పెట్టించాడు. ఆదివారం ఆరాధన కాగానే ఫోన్ వచ్చేది. "ఏమాయెరా, పక్కా అయిందా? చర్చి అయ్యగారు గూడ అడుగుతుండు. సంఘమంత నీకోసమే ప్రార్థన జేస్తున్నరు." నా ఉద్యోగం పోతే నాకే కాదు, దేవుడికి కూడా మాటొచ్చే స్థితికి వ్యవహారం వెళ్లింది.

యాప్ రాకముందు బోర్డు మీటింగు కాగితాలన్నీ బస్టాండు దగ్గరి జిరాక్సు షాపులో కాపీలు తీయించి, కట్టలు కట్టి, ఆటోలో డైరెక్టర్ల ఇళ్లకు తిప్పేవాణ్ని. షాపు యజమానిని అందరం జిరాక్సు అన్న అనేవాళ్లం. మిషను తిరుగుతుంటే ఆయన ప్రతి పేజీ చదివేవాడు. చదివి ఊరుకుంటే ఫరవాలేదు. "గీ కొత్త రంపం మిషిను ఎందుకే తమ్మీ? పాతది మంచిగనే కోస్తున్నది గద. పెద్దసారుకు నేనన్ననని జెప్పు" అనేవాడు. పెద్దసారు అంటే మా చైర్మన్. ఒకసారి మేము టెండరులో వేయబోయే ధర మా డైరెక్టర్లకంటే ముందు పోటీ కంపెనీకి తెలిసిపోయింది. పెద్దసారు బల్ల మీద కొట్టి, "ఇగ కాగితం ముచ్చటే వద్దు. చీమ గూడ దూరకుంట ఏదన్న జెయ్యిండ్రి" అన్నాడు. అలా బోర్డు యాప్ వచ్చింది. నన్ను హైదరాబాదు పంపి నేర్పించారు. డైరెక్టర్లకు తలా ఒక ట్యాబు ఇచ్చారు.

నేర్చుకుని వచ్చినవాడు ఊరికే ఉంటాడా? ప్రింటు రాకుండా చేశాను, ఫైలు బయటికి పోకుండా చేశాను. అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరి గురించిన అంశమైతే వాళ్లకు ఆ కాగితం తెరుచుకోకూడదని ఒక రూలు పెట్టాను. (రూలు మంచిదే. ఇప్పటికీ అదే అంటాను.) దానికి మొదట చిక్కింది పెద్దసారు బామ్మర్ది. ఆయనా డైరెక్టరే. మా రాళ్లు మోసే లారీలు ఆయనవి. ఆ లారీల కాంట్రాక్టు అంశాన్ని ఆయన ట్యాబులో నొక్కితే, 'ఈ పత్రం చూడటానికి మీకు అనుమతి లేదు' అని వచ్చింది. ట్యాబు పట్టుకుని నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏందిది? నా లారీల ముచ్చట నాకే సూపెట్టదా?"

"రూలు సార్."

"ఎవడు పెట్టిండు గా రూలు?"

"నేనే సార్."

(మేడం పెట్టింది అనవచ్చు, చట్టం మీదికైనా తోసేయవచ్చు. తోయలేదు. అది నా స్వభావం.)

"మంచిది. నీకు గూడ ఒక దినం వస్తది" అని వెళ్లిపోయాడు.

ఆ దినం తర్వాతి మీటింగుకే వచ్చింది. ఎజెండా తెరిచి చూస్తే ఏడో అంశం: 'సెక్రటరీ సహాయకుని ఉద్యోగ విషయం'. ప్రతిపాదించింది బామ్మర్ది సారు. గబగబా నొక్కాను. 'ఈ పత్రం చూడటానికి మీకు అనుమతి లేదు.' ఆ వాక్యాన్ని తెలుగులోకి మార్చినవాణ్ని కూడా నేనే. 'దయచేసి క్షమించండి' అని ముందు చేర్చి ఉంటే బాగుండునని అప్పుడు తోచింది. మేడం దగ్గరికి వెళ్లి అడిగాను. "నువ్వు పెట్టిన రూలే కదయ్యా, నీ పేరు దగ్గర టిక్కు పెట్టాను" అన్నది. తల ఎత్తకుండా అన్నది. అదీ గుర్తుంది.

యాప్ మొత్తానికి పెద్ద పాస్‌వర్డు నా దగ్గరే ఉండేది. రూలు తీసేసి, కాగితం చదివేసి, మళ్లీ రూలు పెట్టేయడం చాయ్ తాగినంత పని. కాని తీస్తే బామ్మర్ది సారు మాట నెగ్గినట్టవుతుంది. ఉద్యోగం పోతే పోయింది, ఆయన మాట మాత్రం నెగ్గకూడదనుకున్నాను. ఆ ఆదివారం బాపు ఫోన్ చేస్తే, "బోర్డు ముంగటికి వచ్చింది బాపూ" అని మాత్రం చెప్పాను. "అయితే ఉపవాసం గూడ పెట్టిస్త" అన్నాడు.

మీటింగుకు ముందు రోజు, అద్దె గదికి ఆధార్ కాపీ కావాలని జిరాక్సు షాపుకు వెళ్లాను. నన్ను చూడగానే జిరాక్సు అన్న ఒక కాగితాల కట్టను బోర్లా తిప్పి దాని మీద చేయి పెట్టాడు. అంతలోనే నాకు కనబడింది. మా కంపెనీ పేరు, దాని చుట్టూ ట్యాబు నల్లటి అంచు, మూలన ఫిరోజా రాయి ఉంగరం పెట్టుకున్న బొటనవేలు. ఆ వేలు చాచాది. అందరం చాచా అని పిలిచే ఆయన క్రేన్ల వ్యాపారం చేసే పెద్దమనిషి, మా డైరెక్టర్లలో అందరికంటే పెద్దవాడు. ట్యాబులోని పేజీలను ఫోనుతో ఫోటోలు తీసి, జిరాక్సు అన్నకు పంపి ప్రింట్లు తీయించుకుంటున్నాడు. ఏ షాపును తప్పించడానికి ఇంత ఖర్చుపెట్టి యాప్ తెచ్చామో, ఆ షాపులోనే!

"అన్నా, అవి మా బోర్డు కాగితాలు."

"అవు మరి."

"ఏడో అంశం కూడ వచ్చిందా?"

"వచ్చింది. సదివిన."

"ఏమున్నది అండ్ల?"

"జెప్పరాదు తమ్మీ. నీ ముచ్చటనే గద అది. ఎవలి ముచ్చట వాళ్లకు సూపెట్టద్దని మీకాడ రూలున్నదట. చాచా మరీ మరీ జెప్పిండు."

"ఆ రూలు పెట్టిందే నేను!"

"మంచి రూలు పెట్టినవ్" అన్నాడు మెచ్చుకోలుగా.

పక్కన చాయ్ తాగుతున్న ఆటో డ్రైవరు నన్ను జాలిగా చూశాడు. అతనూ చదివాడన్నమాట. ఏళ్ల తరబడి మా రహస్యాలను ఊరికి పంచిన షాపు, ఒక్క నా విషయంలో మాత్రం గుట్టు నేర్చుకుంది. ఇంతలో మిషనులో పేపరు అయిపోయింది. "జర ఆగు, లోపటికెల్లి కట్ట తెస్త" అని ఆయన వెళ్లాడు. కాగితాలు బల్ల మీదే బోర్లా ఉన్నాయి. నేను చేతులు వెనక్కి కట్టుకుని రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. (నిజాయితీ అనుకునేరు. ఒట్టి కోపం.)

మరునాడు మీటింగులో ఏడో అంశం రాగానే నన్ను బయటికి పంపారు. అద్దం తలుపు ఇవతల కూర్చున్నాను. లోపల బామ్మర్ది సారు వేలు చూపిస్తూ మాట్లాడుతున్నాడు. తర్వాత చాచా ఏదో అన్నాడు. ఆ వెంటనే పెద్దసారు గొంతు తలుపు దాటి వచ్చింది. "గా కాగితం జిరాక్సు షాపుల ఎందుకున్నది చాచా?" చాచా సన్నగా ఏదో చెప్పుకున్నాడు. ఆ తర్వాత నవ్వులు. నన్ను పిలిచారు.

"నిన్ను తీసెయ్యాల్నని రాసిండు మా బామ్మర్ది" అన్నాడు పెద్దసారు. "తాళాలన్ని నీ చేతులనే ఉన్నయి, సాటుకు అన్ని సదువుతవని. చాచా ఏమో అడ్డం తిరిగిండు."

చాచా ఉంగరం తిప్పుకుంటూ తల వంచుకుని చెప్పాడు. "జిరాక్సాయన ఫోన్ జేసిండు బేటా. నీ కాగితం ముంగటనే ఉన్నా ముట్టలేదట, రోడ్డు దిక్కు మొకం పెట్టి నిలబడ్డవట. గిది జెప్పాల్నంటె నా దొంగతనం బయట పడ్తది. ఏం జేద్దు, జెప్పిన."

"అంటే నన్ను పరీక్షించారా చాచా?"

"పరీక్ష ఏంది, నిజంగనే పేపరు అయిపోయిందట."

"నువ్వు పక్కా అయినవ్ పో" అన్నాడు పెద్దసారు. "చాచాకు ఫోటోలు బంద్. ఇగ నువ్వే ఆయన ఇంటికి పోయి సదివి వినిపియ్యాలె."

"ఇప్పుడైనా ఆ కాగితం చూడొచ్చా సార్?" అన్నాను.

"నీకు అనుమతి లేదు" అన్నాడు బామ్మర్ది సారు. ఆ రోజు ఆయన ముఖంలో కనిపించిన ఒకే ఒక్క సంతోషం అది.

"దేవుడు ఇన్నడురా" అన్నాడు బాపు ఫోనులో. జిరాక్సు అన్న సంగతి నేను చెప్పలేదు. ఎవరికి దక్కాల్సిన పేరు వాళ్లకు దక్కనీయడం నాకు ఇష్టమే, కాని సంఘమంతా ఉపవాసం ఉంది.

ఆ తర్వాత ప్రతి మీటింగుకు ముందు చాచా ఇంటికి వెళ్లి, ఆయన దివాన్ పక్కన కూర్చుని గట్టిగా చదివేవాణ్ని. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. ఒకసారి ఓపిక పోయి, "మీరే చదువుకోవచ్చు కదా చాచా" అన్నాను. "గీ అద్దంల అక్షరాలు ఈత కొడ్తయి బేటా" అన్నాడు. అక్షరాలు పెద్దవి చేసి చూపించాను. "ఇప్పుడు పెద్ద పెద్దయి ఈత కొడ్తున్నయ్" అన్నాడు. ముసలివాళ్లకు సాకులకేం తక్కువ అనుకుని చదవడం కొనసాగించాను.

ఇప్పుడు ఆ కంపెనీకి సెక్రటరీని నేనే. మొన్న మీటింగులో ట్యాబు తీసి తీర్మానం చదవబోతే అక్షరాలు నెమ్మదిగా కదిలాయి. చేయి చాపి దూరం పెట్టాను, కదులుతూనే ఉన్నాయి. పెద్దవి చేశాను. పెద్దవి కూడా కదిలాయి. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసి, తీర్మానాన్ని జ్ఞాపకం నుంచే చదివేసి, సాయంత్రం కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. చాచా ఇప్పుడు లేడు. ఉంటే నా కళ్లజోడు చూసి ఆ దివాన్ మీద దొర్లి దొర్లి నవ్వేవాడు. ఆ నవ్వును కూడా నేను మనసులో పెట్టుకుని ఉండేవాణ్ని.