ఎండలో కనబడని మంట

“మంట కనబడకపోతే ఏం జేస్తరు మేడమ్?”

ఉమ ఆగి అటు చూసింది. అడిగిన మనిషి మెట్ల కింద, తెల్లటి ప్లాస్టిక్ డబ్బాల మధ్య నిలబడి, కుడిచేతి వెనుక వైపుతో గాలిని తడుముతున్నాడు, చీకట్లో గోడ కోసం వెతుక్కునేవాడిలా. అప్పుడు పగలు పదకొండు గంటలు.

ఆయన పేరు హనుమాండ్లు. ఉప్పల్, నాచారాల నడుమ ఉన్న ఆ విశ్వవిద్యాలయంలో స్టోరు అటెండరు. పుట్టింది పాత నాచారంలోనే. తండ్రి పాలకూర, కొత్తిమీర పండించిన మడుల మీద ఫ్యాక్టరీ షెడ్లు లేచాయి. ఆ షెడ్లలోనే రంగుల డబ్బాలు మోసి, నలభై దాటాక ఇక్కడ చేరాడు. కరోనా ఏడాది గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళందరి చేతుల్లో శానిటైజర్ పోసింది ఆయనే. పాత సిబ్బంది ఇప్పటికీ ‘శానిటైజర్ తాత’ అని పిలుస్తారు. ఆ పిలుపు విన్న ప్రతిసారీ ఆయన తన అరచేతులు ఒకసారి చూసుకుంటాడు.

ఉమ కాంట్రాక్టు మీద కెమిస్ట్రీ చెబుతుంది. ఆ వానాకాలం హాస్టళ్ళలో జ్వరాలు ప్రబలడంతో ప్రతి గుమ్మం దగ్గరా శానిటైజర్ పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. నలభై ఒక్క గుమ్మాలు. ఆ పని ఉమకు అప్పగించారు. ఇరవై లీటర్ల డబ్బాలు పన్నెండు దిగాయి. వాటిని పాత బ్లాకు మెట్ల కింద పేర్పించారు. ఆ మెట్ల పక్క తలుపే డేకేర్. అందులో, చాప మీద, ఉమ కూతురు సిరి రోజూ మధ్యాహ్నం నిద్రపోతుంది. రెండున్నరేళ్ళ పిల్ల.

ఎలా భయపడాలో ఉమకు చదువు బాగా నేర్పింది. ఆ ద్రవం ఆవిరి గాలికన్నా బరువు. మూత సరిగా బిగించకపోతే కిందికి దిగి, నేలను పట్టుకుని పాకుతుంది. తలుపు కింద సందు ఉంటే అందులోంచి దూరుతుంది. పిల్లలు పడుకునే ఎత్తులో మెదులుతుంది. క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ ఆమెకు ఆ తలుపు కింది సందు కళ్ళ ముందుకొచ్చేది. చాక్‌పీసు చేతిలోనే ఆగిపోయేది.

హనుమాండ్లు పనితీరు చూశాక ఆమెకు కొంత ధైర్యం వచ్చింది. ఆయన ఎప్పుడూ లోపల నింపడు. డబ్బాను ఆరుబయటికి మోసుకొచ్చి, గరాటు పెట్టి, పంపు సీసాల్లోకి పోస్తాడు. తాగునీళ్ళ సీసా పట్టుకొచ్చిన లైబ్రరీ ప్యూన్‌ని వెనక్కి పంపాడు.

“గీ సీసకేమైంది, మామా? గట్టిగనే ఉంది గద!”

“రేపు దూపైతే ఎవడో ఎత్తి తాగుతడు. పో, పంపుది దే.”

చేతులకు పట్టించుకున్నవాళ్ళను మాత్రం వెంటనే కదలనిచ్చేవాడు కాదు.

“తాతా, ఎగ్జామ్ ఉంది. నీ ముహూర్తం దాక ఆగాల్నా?” అని ఒక పిల్ల వెక్కిరించింది.

“ఆగు బిడ్డా. తడి ఆరాలె. ఇరవై లెక్కవెట్టు.”

దసరా సెలవులకు నాలుగు రోజుల ముందు పరిపాలనాధికారి జనార్ధనరావు ఉమకు కబురు పెట్టాడు. ఆయుధపూజ మెట్ల దగ్గరే జరుగుతుందని, మోటారు స్విచ్‌బోర్డు అక్కడే ఉంది కాబట్టి దానికీ బొట్టు పెడతారని చెప్పాడు. డబ్బాలు తీయించమని ఉమ రాసిచ్చిన కాగితం ఆయన బల్ల మీదే ఉంది.

“పండగయ్యాక చూద్దాం ఉమగారూ. మూడేళ్ళుగా అక్కడే చేస్తున్నాం, ఏమైంది? మీరు మరీ భయస్తులు.” ఆయన నవ్వాడు. “అన్నట్టు, మీ రెన్యువల్ ఫైలు కూడా నా దగ్గరికే వచ్చింది.”

ఉమ నేరుగా స్టోరుకు వెళ్ళింది. కర్పూరం, అగరొత్తులు, పక్కనే రెండువందల నలభై లీటర్లు. అవతల పిల్లలు.

“ఆ రోజు సిరిని తీసుకురాను, హనుమాండ్లు గారూ. ఇంట్లోనే ఉంచేస్తాను,” అంది.

“మిగిలిన పదకొండు మంది పోరగాండ్లు?”

ఆయన చేతిలోని గరాటు పక్కన పెట్టి కూర్చున్నాడు. అప్పుడు కృష్ణమ్మ గురించి చెప్పాడు.

కృష్ణమ్మ ఊడ్చే పని చేసేది. కరోనా ఏడాది దసరాకు పంపుహౌసు ముందు ఆరుబయట పూజ పెట్టారు. ఇరవై మందికి మించి లేరు. మిట్టమధ్యాహ్నం, ఎండ నిలువునా కొడుతోంది. వచ్చినవాళ్ళ చేతుల్లో హనుమాండ్లు శానిటైజర్ పోశాడు. అందరికన్నా ఆఖరున వచ్చిన కృష్ణమ్మ, “జర ఎక్కువ పొయ్యన్నా, మురికి చేతులు,” అంది. మోచేతుల దాకా కారేట్టు పోశాడు. వెంటనే హారతి పళ్ళెం ఆమె ముందుకు వచ్చింది. తడిచేతులు కర్పూరం మీద పెట్టి కళ్ళకద్దుకోబోయింది.

“అరిసింది మేడమ్. చేతులు ఇదిలిచ్చుకుంట ఎగిరింది, గుండ్రంగ తిరిగింది. మంట లేదు. ఎండకు మాకేం కనవడలే. అమ్మవారొచ్చిందన్నరు ఎవరో. పసుపునీళ్ళు తేపోన్రి, నిమ్మకాయ తేపోన్రి అన్నరు. అందరం దండం వెట్టినం.” ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. “ఆమె కాలవట్టె, నేను మొక్కవట్టె.”

కొంగు అంటుకుని పొగ లేచేదాకా ఎవరికీ తెలియలేదు. హనుమాండ్లే తడి గోనెసంచి కప్పాడు. వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కొంగుకు దీపం తగిలిందని కాగితంలో రాశారు. అడిగితే తనూ అదే చెప్పాడు. కృష్ణమ్మ ఇప్పుడు నారపల్లిలో అక్క దగ్గర ఉంటోంది. చూడడానికి వెళితే, “మంచిగున్నవా అన్నా?” అని ఆమే అడుగుతుంది.

“గా మాటకే నాకు నిద్ర వట్టది. తిట్టినా బాగుండు. ఏ అర్రల కాలు వెడ్తున్నా, ఆడ ఏదో మండుతున్నట్టే ఉంటది.”

పూజనాడు ఉమ సిరిని ఎప్పటిలాగే డేకేర్‌కు తెచ్చింది. పొద్దున ఎనిమిదింటికే ఆమె, హనుమాండ్లు పని మొదలుపెట్టారు. పన్నెండు డబ్బాలనూ ఒక్కొక్కటిగా వెనకవైపు, మూడు దిక్కులా గాలి ఆడే పాత సైకిల్ షెడ్డులోకి మోశారు. ఆఖరి డబ్బా దింపేసరికి పదిన్నర దాటింది. జనార్ధనరావు వచ్చాడు. ఆయన వెనకే పూజకు వచ్చిన సిబ్బంది కొంతమంది.

“ఎవర్నడిగి తీశారండీ? ఫైలు గుర్తుందా ఉమగారూ?”

ఉమ నోరు తెరిచేలోగా హనుమాండ్లు స్టీలు పళ్ళెంతో ఎండలోకి నడిచాడు. షెడ్డుకు చాలా దూరంలో పళ్ళెం నేల మీద పెట్టి, మూతెడు శానిటైజర్ పోసి, అగ్గిపుల్ల గీసి అంటించి, వెనక్కి జరిగాడు.

“ఏదయ్యా? అంటుకోలేదుగా,” అంటూ జనార్ధనరావు వంగి పళ్ళెం అందుకోబోయాడు. హనుమాండ్లు ఆయన మణికట్టు పట్టుకుని ఆపాడు. రెండో చేత్తో ఎండుటాకు ఒకటి విసిరాడు. ఆకు ఎందుకో తెలియనట్టు ముడుచుకుని, నల్లబడి, బూడిదైంది. పళ్ళెం మాత్రం ఎండలో మామూలుగా మెరుస్తూనే ఉంది.

ఆ మంట గురించి పుస్తకాల్లో చదివిన ఉమ కూడా ఒక అడుగు వెనక్కి వేసింది.

“కృష్ణమ్మ కొంగుకు దీపం తాకలే సార్,” అన్నాడు హనుమాండ్లు. “ఆమె చేతులల్ల పోసింది నేను. అబద్ధం చెప్పింది నేను. ఆనాడు నా పక్కన నిలవడి మీరు గూడ మొక్కిన్రు.”

జనార్ధనరావు చేయి విడిపించుకోలేదు. చివరికి, “డబ్బాలు షెడ్డులోనే ఉండనివ్వండి,” అన్నాడు ఎవరివంకా చూడకుండా. “పూజ స్విచ్‌బోర్డుకు బొట్టు పెట్టి ముగించేద్దాం. కర్పూరం వద్దు.”

ఆ ఉదయం హారతి లేకుండానే పూజ అయింది. హనుమాండ్లు అక్కడికి వెళ్ళలేదు. సెలవులయ్యాక కృష్ణమ్మకు జరిగింది జరిగినట్టు కాగితం మీద రాయించి, కింద వేలిముద్ర కాకుండా వంకరటింకర అక్షరాలతో సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ కాగితం ఎటు పోయిందో ఉమకు తెలియదు. ఆమె రెన్యువల్ మాత్రం మూడు నెలలకే వచ్చింది, మునుపటిలా ఏడాదికి కాదు. హనుమాండ్లు భయం కూడా పోలేదు. ఇప్పటికీ గాలిని తడుముతూనే గదిలో అడుగు పెడతాడు.

పూజ రోజు సాయంత్రం సిరిని ఎత్తుకుని వెళుతుంటే ఆయన పిల్ల అరచేతులు తెరిచి చూసి, మళ్ళీ మూసి, ఉమతో అన్నాడు. మేడమ్ అనలేదు.

“సూడు బిడ్డా, నీకు సదువుంది, అన్నిటికి కారణం ఎరుకైతది. గని పిల్ల ఒర్లితే నిలవడి ఎందుకు ఒర్లుతుందని ఆలోచన జేయకు. ముందుగాల ఉరికి పట్టుకో. చేతులు సూడు, ఒళ్ళు తడుము. కారణం తర్వాత చెప్పుకోవచ్చు, దండం తర్వాత వెట్టుకోవచ్చు.”

అప్పటినుంచి సిరి ఏ గదిలో అరిచినా, మొండికో నిద్రకో అని లెక్క వేసుకోకుండా ఉమ పరుగెత్తి వెళ్ళి, ముందు పిల్ల పిడికిళ్ళు విప్పి చూస్తుంది.