జేబులక్క కలలో ముసుగు మనిషి

ఆసుపత్రి లాండ్రీలో ఆవిణ్ణి అందరూ జేబులక్క అనేవారు. డాక్టరు కోటైనా, నర్సు గౌనైనా జేబులు తడిమి చూడనిదే మిషన్లో వేసేది కాదు. పెన్నులు, తాళాలు, ఒకసారైతే ఎవరిదో కట్టుడు పళ్ళ సెట్టు కూడా దొరికింది. ఒకరిచేత మాట పడే మనిషి కాదు.

ఆవిడకున్నదల్లా ఒక్క తమ్ముడు. తల్లి పోయాక తనే చంకనేసుకుని పెంచింది. వాడు ట్యాంకులు బాగుచేసే ఫ్యాక్టరీలో వెల్డరు. ఒకరోజు పొద్దున్నే, లోపల గ్యాసు మిగిలిన ట్యాంకులో దిగి మంట వెలిగించాడు. ఆసుపత్రికి తెచ్చేసరికే ప్రాణం లేదు. కడసారి ముఖం చూడమన్నారు. చూడనంది. మూసిన పెట్టెనే సాగనంపింది. కళ్ళారా చూడలేదు గనక, పోయాడని మనసు ఒప్పుకోలేదు.

ఆ తర్వాత మొదలైంది కల. ఉదయం డ్యూటీ దిగి మధ్యాహ్నం నడుం వాల్చిందంటే చాలు, వంటింట్లో స్టూలు మీద వెల్డింగ్ ముసుగు వేసుకుని ఎవరో కూర్చుని ఉండేవారు. తమ్ముడేడని అడిగితే, డ్యూటీ పొడిగించారు, రేపొస్తాడు అనేది ఆ ముసుగు. మెలకువ వచ్చాక కూడా ఆవిడ ఆ మాటే పట్టుకుని వాడి పక్క దులిపేది, ఇద్దరికీ వండేది. ఆరోజు వాడు మార్చుకుని లాకర్లో పెట్టిన బట్టల్ని ఫ్యాక్టరీవాళ్ళు సంచీలో పంపితే, దాని ముడి కూడా విప్పలేదు.

నాలుగో నెలలో ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక కాగితం పట్టుకుని ఇంటికొచ్చాడు. తను వద్దన్నా వినకుండా తమ్ముడే దిగాడని ఆవిడ సంతకం పెడితే ప్రమాదం మీద విచారణ తెమిలిపోతుందన్నాడు. ఆలోచించుకుంటానని పంపేసింది.

ఆ మధ్యాహ్నం కూడా ముసుగు "రేపొస్తాడు" అంది.

"ముసుగు తియ్యి."

"తీస్తే ఇంక నేను రాను, అక్కా."

ఆవిడే లాగేసింది. లోపల తమ్ముడు. ఆరోజు తను చూడనన్న ముఖం.

లేచి కరువుదీరా ఏడ్చింది. సంచీ విప్పి, చొక్కా ఉతకబోతూ అలవాటుకొద్దీ జేబు తడిమింది. మడిచిన చీటీ ఒకటి తగిలింది. ట్యాంకు శుభ్రం చేశాం, దిగవచ్చు అని ఉంది. కింద తమ్ముడు పోయిన రోజు తేదీ, ఫోర్‌మన్ సంతకం.

ఇంకొకరైతే అప్పుడే పరుగెత్తేవారు. ఆవిడ మూడు వారాలు గుట్టుగా దాచింది. ఫోర్‌మన్ ఎదురైతే తల వంచుకుని, సంతకం విచారణలోనే పెడతాలెండి అనేది. విచారణ గదిలో అతను ప్రమాణం చేసి, చచ్చినవాడి మొండితనం గురించి అరగంట చెప్పేదాకా నోరు మెదపలేదు. వెనక్కి తీసుకోవడానికి వీల్లేనంతగా అబద్ధమాడాక, లేచి చీటీ బల్లమీద పెట్టింది. అతని ముఖంలో నెత్తుటి చుక్క లేకుండా పోతుంటే రెప్పవేయకుండా చూసింది. ఈసారి ముఖం తిప్పుకోలేదు.

కేసు కోర్టుకెక్కింది. ఫోర్‌మన్‌కి మూడేళ్ళు జైలు పడింది. ముసుగు అన్న మాట ప్రకారం మళ్ళీ కలలోకి రాలేదు.

ఫోర్‌మన్ భార్య లాండ్రీకి వెతుక్కుంటూ వచ్చింది. పైకోర్టుకి చూపించుకుంటాం, క్షమించానని ఒక్క ముక్క రాసివ్వమని బతిమాలింది.

"జైలు గేటు దగ్గరికెళ్తే మీ ఆయన్ని చూపిస్తారమ్మా," అంది జేబులక్క, దుప్పటి మడతపెడుతూనే. "నాకు ఏ గేటూ లేదు."

ఆమె వెళ్ళాక, జాలెయ్యలేదా అని పక్కన పనిచేసే ఆవిడ అడిగింది. వేసిందంది. అయినా రాసివ్వనంది.